సంఘానికి గుర్తింపు ఎవరిస్తారు? ఆ కాగితానికి బలమెంత?

మార్కాపురం: పశ్చిమ ప్రకాశంలో సంఘం లేని ఊరు అరుదు. పొదుపు సంఘం, నీటి సంఘం, వన సంరక్షణ సమితి, వాటర్‌షెడ్ కమిటీ, పాఠశాల కమిటీ, యువజన సంఘం... ఒకే ఇంట్లో భార్య ఒక సంఘంలో, భర్త మరో సంఘంలో సభ్యులుగా ఉండటం సాధారణం. అయితే తమ సంఘాన్ని గుర్తించినది ఎవరు, ఏ చట్టం కింద గుర్తించారు, ఆ గుర్తింపుతో దఖలుపడిన హక్కు ఏమిటి అన్న ప్రశ్నలకు సమాధానం తెలిసినవారు తక్కువ.

పథకం సజావుగా నడిచినంత కాలం ఈ ప్రశ్న తలెత్తదు. పథకం ముగిసినప్పుడు, చెరువు నీటిపై వివాదం వచ్చినప్పుడు, అడవిలో తరతరాలుగా సాగుచేస్తున్న భూమికి పట్టా కోరినప్పుడు అధికారులు మొదట అడిగేది ఇదే. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల ప్రజలకు ఉపకరించేలా సంఘాల గుర్తింపు తీరుతెన్నులను ఇక్కడ వివరిస్తున్నాం.

గుర్తింపు నాలుగు రకాలు

గ్రామస్థాయి సంఘాలకు లభించే గుర్తింపును స్థూలంగా నాలుగు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది, చట్టమే నేరుగా సృష్టించిన సంఘం. సాగునీటి వినియోగదారుల సంఘం, అటవీ హక్కుల కమిటీ, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఈ కోవలోకి వస్తాయి. వీటి ఏర్పాటు ప్రభుత్వానికి, పంచాయతీకి ఇష్టాయిష్టాలతో కూడిన వ్యవహారం కాదు. చట్టం విధించిన బాధ్యత.

రెండవది, ప్రజలే కలిసి ఏర్పాటు చేసుకొని ఒక చట్టం కింద నమోదు చేయించుకున్న సంఘం. సొసైటీలు, పరస్పర సహాయ సహకార సంఘాలు ఇలాంటివి.

మూడవది, ప్రభుత్వ శాఖ తన ఉత్తర్వు లేదా మార్గదర్శకాల ద్వారా గుర్తించినది. వన సంరక్షణ సమితి ఇందుకు ఉదాహరణ.

నాలుగవది, ఎక్కడా నమోదు కాకపోయినా వ్యవహారంలో గుర్తింపు పొందినది. పొదుపు సంఘం ఈ తరగతికి చెందుతుంది.

ఈ నాలుగింటి మధ్య తేడా పైకి కనిపించదు. అన్నింటికీ అధ్యక్షులు ఉంటారు, తీర్మానాల పుస్తకం ఉంటుంది, రబ్బరు ముద్ర ఉంటుంది. తేడా తెలిసేది కష్టకాలంలోనే. ఉత్తర్వుతో వచ్చిన గుర్తింపును మరో ఉత్తర్వుతో ఉపసంహరించవచ్చు. చట్టంతో వచ్చిన గుర్తింపును తొలగించాలంటే చట్టసభ కదలాలి.

కంభం చెరువు: బాధ్యత నుంచి హక్కు దాకా

గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన కంభం చెరువు ఈ ప్రాంతానికి తలమానికం. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీనిని నిర్మింపజేసినట్లు స్థానిక ప్రతీతి. కట్ట ఎత్తు 57 అడుగులు, పరీవాహక ప్రాంతం 430 చదరపు మైళ్లు, ఆయకట్టు సుమారు 10,300 ఎకరాలుగా పాత రికార్డులు పేర్కొన్నాయి. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ 2020లో దీనిని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

కట్టడానికి అంతర్జాతీయ గుర్తింపు లభించింది. మరి ఆ నీటిని పంచుకునే రైతుల సమూహానికి లభించిన గుర్తింపు ఏమిటి?

మద్రాసు ప్రభుత్వ కాలంలో చెరువుల చిన్నపాటి మరమ్మతులను ఊరివారే ఉమ్మడిగా చేసుకునే ఆచారాన్ని కుడిమరామత్తు అనేవారు. 1858లో వచ్చిన మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం ఈ ఆచారానికి చట్టరూపం ఇచ్చింది. గండి పడే ప్రమాదం ఏర్పడినప్పుడు గ్రామస్థులు పనికి రావలసిందే. అంటే నాటి చట్టం ఆయకట్టు రైతులను పనిచేయవలసిన వారిగా గుర్తించింది. నీటి పంపకంలో నిర్ణయం తీసుకునే వారిగా గుర్తించలేదు.

ఆ లోటును పూరించినది 1997 నాటి ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం. ఆయకట్టును నీటి ప్రవాహ ప్రాతిపదికన విభజించి, ఒక్కో భాగానికి ఒక్కో సాగునీటి వినియోగదారుల సంఘం ఉండాలని ఈ చట్టం నిర్దేశించింది. భారీ ప్రాజెక్టులకు ఈ సంఘాలపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, వాటిపైన ప్రాజెక్టు కమిటీలు ఉంటాయి. 1997 జూన్‌లో ఉమ్మడి రాష్ట్రంలో 10,292 నీటి సంఘాలకు తొలి ఎన్నికలు నిర్వహించారు. దేశంలో ఇంత పెద్ద ఎత్తున రైతులకు సాగునీటి యాజమాన్యం అప్పగించడం అదే ప్రథమం కావడంతో ఇతర రాష్ట్రాలు దీనిని ఆసక్తిగా గమనించాయి.

ఈ చట్టంలో ముఖ్యమైన అంశం సంఘానికి ఇచ్చిన న్యాయపరమైన హోదా. నీటి సంఘం శాశ్వత వారసత్వం, సొంత ముద్ర గల చట్టబద్ధ సంస్థ. తన పేరిట ఒప్పందం చేసుకోవచ్చు, దావా వేయవచ్చు. అధ్యక్షులు మారినా, పాలకవర్గం గడువు ముగిసినా సంఘం రద్దు కాదు. మధ్యలో ఎన్నికలు సక్రమంగా జరగని సంవత్సరాలు ఉన్నప్పటికీ 2024 డిసెంబర్‌లో రాష్ట్రంలో నీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరపగలగడానికి కారణం ఇదే. పాలకవర్గాలు లేకపోయినా చట్టంలో సంఘం సజీవంగానే ఉంది.

నీటి విడుదలకు వారాబందీ పట్టిక రూపొందించడం, కాలువల మరమ్మతుకు ప్రణాళిక తయారుచేయడం, భూ యజమానుల జాబితా నిర్వహించడం, సభ్యుల మధ్య వివాదాలను పరిష్కరించడం సంఘం విధులు. ఓటు హక్కు మాత్రం భూమి రికార్డులతో ముడిపడి ఉంటుంది. రికార్డుల్లో యజమానిగా గానీ కౌలుదారుగా గానీ పేరు లేనివారు ఏళ్ల తరబడి అదే పొలం సాగుచేస్తున్నా ఓటర్ల జాబితాలోకి రావడం కష్టం. భూమి భర్త పేరున ఉన్న ఇళ్లలో పొలం పనంతా మోసే మహిళకు కూడా ఇదే పరిస్థితి. సంఘానికి గుర్తింపు లభించినంత మాత్రాన అందులో భాగస్వాములు కావలసిన వారందరికీ గుర్తింపు లభించినట్లు కాదని దీనివల్ల బోధపడుతుంది.

వెలిగొండ ప్రాజెక్టు కాలువల కింద కొత్త ఆయకట్టుకు నీరు పారే నాటికి పశ్చిమ మండలాల్లో ఈ ప్రశ్న మరింత విస్తృతంగా ముందుకు వస్తుంది. అంతకుముందే రికార్డుల్లో పేర్లు సరిచూసుకోవడం మేలు.

పొదుపు సంఘాలు: నమోదు లేకున్నా పరపతి

గ్రామీణ మహిళలు, బాలల అభివృద్ధి కోసం కేంద్రం 1982లో ప్రారంభించిన డ్వాక్రా పథకం పేరే నేటికీ జనం నోట నిలిచింది. పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు వ్యతిరేకంగా మహిళలు సాగించిన ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించాక పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి.

విశేషమేమిటంటే పది పదిహేను మంది మహిళలతో ఏర్పడే ఈ ప్రాథమిక సంఘం ఏ చట్టం కిందా నమోదు కానవసరం లేదు. నాబార్డు 1992లో 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా బ్యాంకు అనుసంధానం చేపట్టింది. నమోదు కాని సంఘాలు సైతం తమ పేరున పొదుపు ఖాతా తెరవవచ్చని రిజర్వు బ్యాంకు 1993లో స్పష్టం చేసింది. దీంతో బ్యాంకు పాసుపుస్తకమే సంఘానికి గుర్తింపు పత్రమైంది. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలే సంఘం అర్హతకు కొలమానమయ్యాయి.

సంఘంలో సభ్యుల సంఖ్య 20కి మించరాదన్న నిబంధనకూ కారణం ఉంది. లాభార్జన కోసం 20 మందికి మించి కలిస్తే నమోదు తప్పనిసరి అని 1956 నాటి కంపెనీల చట్టం పేర్కొంది. నమోదు భారం పడకుండా ఉండేందుకు సంఘాలను ఆ పరిమితికి లోబరిచారు. మరోవైపు 2011లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ బలహీన గిరిజన సమూహాలు, దివ్యాంగుల సంఘాలకు కనీస సభ్యుల సంఖ్యను 5కు తగ్గించింది. పది పదిహేను ఇళ్లు మాత్రమే ఉండే చెంచు గూడేలకు ఈ సడలింపు ప్రయోజనకరం.

అయితే ప్రాథమిక సంఘానికి నమోదు అక్కరలేకపోయినా పైస్థాయి సమాఖ్యలకు అది అవసరం. గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి. ప్రభుత్వ వాటాధనం లేకుండా, సభ్యుల ఆధీనంలో నడవాలన్నది ఈ చట్టం ఉద్దేశం. సమాఖ్య తన పేరున ఆస్తి కలిగి ఉండవచ్చు, రుణం తీసుకోవచ్చు. 2011లో ఏర్పడిన స్త్రీనిధి సంస్థ రుణాలు సమాఖ్యల ద్వారా అందడానికి ఈ నమోదే పునాది.

నమోదుతో పాటు బాధ్యతలూ వస్తాయి. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి, సహకార రిజిస్ట్రారుకు నివేదికలు సమర్పించాలి. వెలుగు, ఇందిరా క్రాంతి పథం అంటూ పథకాల పేర్లు మారినా సమాఖ్య మారదు. అది సభ్యుల సంస్థ. సిబ్బంది చెప్పినట్లు సంతకం చేయడమే సభ్యుల పని అనుకునే చోట ఈ వాస్తవం మరుగున పడుతోంది.

మార్గదర్శకాలు మారితే కమిటీ మారింది

ఉత్తర్వులపై ఆధారపడిన గుర్తింపు ఎంత చంచలమో తెలుసుకోవడానికి వాటర్‌షెడ్ కమిటీల చరిత్ర చక్కని ఉదాహరణ. తరచూ కరవు బారిన పడే ప్రకాశం జిల్లాలో కరవు పీడిత ప్రాంతాల కార్యక్రమం కింద వాటర్‌షెడ్ పనులు విస్తృతంగా జరిగాయి.

1995 నుంచి అమలైన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గ్రామంలో వాటర్‌షెడ్ అసోసియేషన్ ఏర్పడి సొసైటీగా నమోదు కావాలి. దాని కమిటీయే పనులు చేయించాలి. 2003లో వచ్చిన హరియాలి మార్గదర్శకాలు ఈ బాధ్యతను గ్రామ పంచాయతీకి బదిలీ చేశాయి. 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకాలు గ్రామసభ ద్వారా వాటర్‌షెడ్ కమిటీ ఏర్పాటు చేయాలని మళ్లీ మార్చాయి.

పదమూడేళ్లలో మూడు పద్ధతులు. ప్రతిసారీ పాత కమిటీ సభ్యుల పాత్ర ముగిసింది. కట్టిన చెక్‌డ్యాములు, తవ్విన ఊటకుంటలు మాత్రం ఊళ్లోనే ఉన్నాయి. వాటి నిర్వహణ బాధ్యత ఎవరిదో తేలని చోట్ల పూడిక పేరుకుపోయింది. కట్టడం నిలవాలంటే దానిని చూసుకునే సంఘం నిలవాలి. సంఘం నిలవాలంటే దాని గుర్తింపు పథకం గడువుతో ముగిసేది కాకూడదు.

నల్లమల: సమితికా, గ్రామసభకా?

గుర్తింపు విషయంలో అత్యంత కీలకమైన ప్రశ్న నల్లమల అంచు గ్రామాలది. యర్రగొండపాలెం, పెద్దదోర్నాల, పుల్లలచెరువు, అర్ధవీడు, గిద్దలూరు తదితర మండలాల్లోని చెంచు గూడేలకు అడవితో ఉన్న సంబంధం ఏ చట్టం కంటేనూ పాతది. యర్రగొండపాలెం మండలం పాలుట్ల వంటి గూడేలు దట్టమైన అడవి మధ్యలో ఉన్నాయి.

1992లో రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్య విధానం అమలులోకి వచ్చింది. దాని కింద ఏర్పడినవే వన సంరక్షణ సమితులు. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో సామూహిక అటవీ యాజమాన్యం ప్రాజెక్టు అమలైంది. అడవిని కాపాడితే ఫలసాయంలో వాటా లభిస్తుందన్నది ఒప్పందం. అయితే సమితిని గుర్తించేది అటవీ శాఖ. గుర్తింపును రద్దు చేసే అధికారమూ ఆ శాఖదే. ప్రాజెక్టు నిధులు నిలిచాక పలు సమితులు పేరుకే మిగిలాయి.

2006లో పార్లమెంటు ఆమోదించిన అటవీ హక్కుల గుర్తింపు చట్టం ఈ దృక్పథాన్ని తలకిందులు చేసింది. 2007 డిసెంబర్ 31న అమలులోకి వచ్చిన ఈ చట్టం కొత్తగా హక్కు ఇవ్వడం లేదు. అప్పటికే ఉన్న హక్కును గుర్తిస్తోంది. చట్టం పేరులోనే గుర్తింపు అన్న పదం ఉండటం గమనార్హం.

ఈ చట్టం కింద ప్రక్రియ గ్రామసభతో మొదలవుతుంది. పంచాయతీ గ్రామసభను సమావేశపరచాలి. గ్రామసభ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. 2012 సవరణ నిబంధనల ప్రకారం అందులో కనీసం మూడింట రెండు వంతులు గిరిజనులు, కనీసం మూడింట ఒక వంతు మహిళలు ఉండాలి. గ్రామసభ కోరం సగం మంది. హాజరైన వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. అధికారికంగా గ్రామంగా ప్రకటించని గూడెమైనా ఈ చట్టం దృష్టిలో గ్రామమే.

కమిటీ విచారణ జరిపి, గ్రామసభ తీర్మానం చేసిన దరఖాస్తులు సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీకి చేరుతాయి. తుది నిర్ణయం జిల్లా కమిటీదే. గ్రామసభ నిర్ణయంతో విభేదించే వారు 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి విన్నవించుకోవచ్చు. కాగితాలు లేవన్న కారణం ఒక్కటే సరిపోదు. లిఖితపూర్వకంగా నమోదు చేసిన ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే.

హక్కులు రెండు రకాలు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు లభించేది వ్యక్తిగత హక్కు. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అడవిపై ఆధారపడి అక్కడ నివసిస్తున్నట్లు రుజువు చూపాలి. ఇక తేనె వంటి చిన్నతరహా అటవీ ఫలసాయంపై యాజమాన్యం, మేత, చేపలవేట, అడవి సంరక్షణ, నిర్వహణ సామూహిక హక్కులు. బలహీన గిరిజన సమూహాల జాబితాలో ఉన్న చెంచులకు తమ ఆవాస ప్రాంతం మొత్తంపై ఆవాస హక్కు కోరే వీలు కూడా చట్టంలో ఉంది.

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం అమలైన తొలి సంవత్సరాల్లో అనేక చోట్ల సామూహిక హక్కు పత్రాలు గ్రామసభ పేరున కాక వన సంరక్షణ సమితుల పేరున జారీ అయ్యాయి. కాగితంపై లక్షల ఎకరాలకు సామూహిక హక్కు లభించినట్లు కనిపించింది. హక్కుదారు ప్రజల సమూహం కాగా, పత్రం అటవీ శాఖ గుర్తించిన సమితి చేతికి వెళ్లింది. చట్టం అమలును 2010లో సమీక్షించిన కేంద్ర సంయుక్త కమిటీ సహా పలువురు దీనిని తప్పుపట్టారు. గుర్తింపు లభించిందా అన్నది ఎంత ముఖ్యమో, ఎవరి పేరున లభించిందన్నదీ అంతే ముఖ్యమని ఈ ఉదంతం చాటుతోంది.

నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం పరిధిలోని గూడేలకు ఇది మరింత ప్రధానం. అభయారణ్యం నుంచి తరలింపు ప్రతిపాదన వస్తే, ముందుగా హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, గ్రామసభ స్వచ్ఛందంగా లిఖితపూర్వక సమ్మతి తెలపాలి. సమితి అధ్యక్షుని సంతకం గ్రామసభ సమ్మతికి ప్రత్యామ్నాయం కాజాలదు.

పంచాయతీ బాధ్యత, పట్టణాల్లో పురపాలిక బాధ్యత

పంచాయతీ ఇచ్చే ధ్రువీకరణ లేఖతో సంఘం రిజిస్టరైపోయినట్లేనని చాలామంది భావిస్తుంటారు. సంఘాలను నమోదు చేసే అధికారం పంచాయతీకి లేదు. పంచాయతీ తీర్మానం సంఘం ఉనికికి సాక్ష్యంగా మాత్రమే పనికొస్తుంది. అయితే కొన్ని కమిటీలను స్వయంగా ఏర్పాటు చేయవలసింది స్థానిక సంస్థలే.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా తన పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని నెలకొల్పాలి. ఊరి చెట్టూచేమా, పశుజాతులు, పంట రకాలు, వాటి వినియోగంపై పెద్దలకు ఉన్న పరిజ్ఞానాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయడం దీని ప్రధాన విధి. ఔషధ మొక్కలకు పేరొందిన నల్లమల అంచు గ్రామాల్లో ఈ రిజిస్టరు విలువ ఎక్కువ. వాణిజ్య అవసరాలకు ఈ వనరులను సేకరించే వారి నుంచి రుసుము వసూలు చేసే అధికారం కమిటీకి ఉంది. రిజిస్టరును ఊరివారితో కూర్చొని రాయకుండా గడువు కోసం నింపితే ఈ అధికారం కాగితానికే పరిమితమవుతుంది.

పట్టణాల్లో వీధి వ్యాపారులకు 2014 నాటి చట్టం రక్షణ కల్పించింది. మార్కాపురం, గిద్దలూరు వంటి పట్టణాల్లో పురపాలక సంస్థ కమిషనర్ అధ్యక్షతన పట్టణ వ్యాపార కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలో నుంచి ఎన్నుకున్న ప్రతినిధులై ఉండాలి. వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. కనీసం ఐదేళ్లకోసారి సర్వే జరిపి, గుర్తించిన వారికి వ్యాపార ధ్రువపత్రం ఇవ్వాలి. సర్వే పూర్తయి పత్రాలు జారీ అయ్యే వరకు ఉన్న వ్యాపారులను తొలగించరాదని చట్టం చెబుతోంది. తోపుడు బండిపై పండ్లు అమ్ముకునే వ్యక్తికి సంఘం కార్డు కంటే ఈ పత్రమే బలమైన ఆధారం.

సొసైటీగా నమోదు

యువజన సంఘాలు, కాలనీ సంక్షేమ సంఘాలు, కళాసమితులు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం కింద నమోదు కావచ్చు. కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. సంఘం ఆశయాలు తెలిపే పత్రం, నియమావళి, కార్యవర్గం జాబితాతో జిల్లా రిజిస్ట్రారుకు దరఖాస్తు చేయాలి. నమోదైన తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గం జాబితా సమర్పించాలి. నమోదు సంఖ్య వచ్చాక చాలా సంఘాలు ఈ సంగతి విస్మరిస్తాయి. కార్యవర్గంపై వివాదం తలెత్తినప్పుడు రిజిస్ట్రారు వద్ద ఉన్న చివరి జాబితాయే కీలకమవుతుంది. పదేళ్ల నాటి జాబితా ఉంటే చిక్కులు తప్పవు.

సభ్యులు అడగవలసిన ప్రశ్నలు

* మన సంఘం ఏ చట్టం లేదా ఏ ఉత్తర్వు కింద ఏర్పడింది? ఆ ప్రతి సంఘం వద్ద ఉందా?
* గుర్తింపు పత్రం ఎవరి పేరున ఉంది? సంఘం పేరునా, గ్రామసభ పేరునా, ఒక వ్యక్తి పేరునా?
* గుర్తింపును రద్దు చేసే అధికారం ఎవరికి ఉంది? రద్దు చేస్తే అప్పీలు ఎవరికి చేయాలి?
* పథకం ముగిస్తే సంఘం నిధులు, ఆస్తులు ఎవరికి చెందుతాయి?
* సభ్యుల జాబితా ఏ రికార్డు ఆధారంగా తయారైంది? కౌలుదారులు, మహిళలు అందులో ఉన్నారా?

భద్రపరచవలసిన పత్రాలు

నమోదు పత్రం లేదా గుర్తింపు ఉత్తర్వు, నియమావళి, తీర్మానాల పుస్తకం, సభ్యత్వ రిజిస్టరు, బ్యాంకు పాసుపుస్తకం, ఆడిట్ నివేదికలను ఒకరి ఇంట్లో కాకుండా సంఘం కార్యాలయంలో ఉంచాలి. నకళ్లు కనీసం ఇద్దరు సభ్యుల వద్ద ఉండాలి. గ్రామసభ తీర్మానాలకు తేదీ, హాజరు సంతకాలు, వేలిముద్రలు తప్పనిసరి. అధికారులకు ఇచ్చే ప్రతి దరఖాస్తుకూ రసీదు తీసుకోవాలి. అటవీ హక్కుల దరఖాస్తుల విషయంలో ఇది మరీ ముఖ్యం. పత్రం దొరకని పక్షంలో సమాచార హక్కు చట్టం కింద సంబంధిత కార్యాలయం నుంచి నకలు కోరవచ్చు.